బంద్ రోజుల్లో పాలకంకి

మొన్న ఒక పొద్దున ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు పిండుతూ టీవీ వైపు తలెత్తాను. వార్తలు చదివే అమ్మాయి బొమ్మ కింద ఎర్రని పట్టీలో అక్షరాలు పరుగెడుతున్నాయి. నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిశాక. నిలబడి ఉన్న అక్షరాలను చదవగలను కానీ, పరుగెత్తేవాటిని పట్టుకోవడం ఇప్పటికీ కష్టమే. మొదటి మాట కూడబలుక్కునేలోపు చివరి మాట పెట్టె అంచులో దూరిపోతుంది. ఆ పొద్దు మాత్రం అదే వార్త మళ్లీ మళ్లీ తిరిగి వచ్చింది కాబట్టి చివరకు దొరికింది. అమెరికాలో ప్రభుత్వం మూత. చేతిలో బొరుగుల ముద్ద అలాగే ఉండిపోయింది. నాకు నవ్వొచ్చింది.

"ఏందవ్వా, నీ అంతకు నువ్వే నగుతాండావు?" అంది మనవరాలు, జడ వేసుకుంటూ.

"అమెరికా సర్కారును మళ్లీ మూసినారంట."

"మూస్తే నీకేమొచ్చె? నీ పింఛను ఆడ్నుంచి వస్తాదా?"

"ముందొకసారి మూసినప్పుడు మన ఊరి జొన్నచేనికి తాళం పడింది లేమ్మా."

"యాడ అమెరికా, యాడ కోడుమూరు! పొద్దున్నే కతలు చెప్పాకు," అని ఆ పిల్ల బడి బస్సుకు పరుగెత్తింది. పిల్లను తప్పు పట్టను. ఆ చేను పక్కన నిలబడి చూసినదాన్ని నేనే, నాకే ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు ఉరుకుంది. నేను కోసిగి దిక్కు నుంచి కోడుమూరు దగ్గరి ఈ ఊరికి వచ్చిన కోడలిని. మా పుట్టింటి వైపు పండేది తక్కువ, వలసపోయేది ఎక్కువ. ఏటా పంట పని అయిపోగానే తట్టాబుట్టా కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్లం. దాన్ని సుగ్గికి పోవడం అంటాం. నేను నడక నేర్చింది సుగ్గిలోనే అని మా అమ్మ చెప్పేది. ఇక్కడికి వచ్చాక మా ఆయన్ను పెంచి పెద్దచేసిన అవ్వ చేతి కింద పడ్డాను. ఊరంతా ఆమెను జేజి అనేది, నేనూ అదే అన్నాను. ఆమె రొట్టె తట్టే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. కందికట్టెల పొగ, పెనం మీద కాలుతున్న జొన్నపిండి వాసన, దాని వెనక రోట్లో నూరుతున్న ఊరుబిండి పచ్చడి ఘాటు. రొట్టెను రెండు అరచేతుల మధ్య తిప్పుతూ పెంచేది కానీ పీట మీద పెట్టి వత్తేది కాదు. పీట మీద చేసిన రొట్టెకు చేతి రుచి ఉండదని ఆమె వాదన. రొట్టెలన్నీ అయ్యాక బుగ్గన వక్కాకు పెట్టుకునేది. అది నోట్లో ఉన్నంతసేపు ఎవరితోనూ పోట్లాడేది కాదు. ఎవరైనా ఆమెతో గట్టిగా మాట్లాడాలంటే ముందు ఆ బుగ్గ వైపు చూసుకునేవాళ్లు.

జొన్నలను మేము నేలలో దాచేవాళ్లం. ఇంటి ముందు లోతుగా తవ్విన పాతరలో గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టి కప్పేవాళ్లం. పాతర తీసే రోజు జేజి ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. మూత తెరిచి, లోపలి ఆవిరి పోయేదాకా దూరంగా కూర్చోబెట్టేది. ఆ పైన దీపం తాడుకు కట్టి దించేది. దీపం ఆరకుండా ఉంటేనే మనిషి దిగాలి. పులిసినట్టు, తడిసిన మన్నులా, కొంచెం కల్లులా ఒక వాసన వచ్చేది. జొన్న పుట్టేది నేల మీద, దాగేది నేల లోపల అని అప్పట్లో నా తెలివి. దాని సగం బతుకు మొదటినుంచీ నేల లోపలే ఉందని నాకు తెలియదు.

ఊరు దాటాక నల్లరేగడిలో కంచె వేసిన భూమి ఉండేది. దాన్ని ఫారం అనేవాళ్లం. విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడ ఎండను తట్టుకునే జొన్న కోసం వెతుకుతున్నారు. వానకాలం పోయాక విత్తి, మళ్లీ వాన అనేది లేకుండా, నేలలో మిగిలిన పదునుతోనే పండించే జొన్న అది. రకరకాల విత్తనాలు వరసలు వరసలుగా వేసేవాళ్లు. నేనూ, జేజీ, మా పక్కింటావిడ మాబున్నీ అక్కడ కూలికి పోయేవాళ్లం. ఆ కూలి, ఫారం చూసుకునే సారు జీపులో పోసే డీజిలు, కంచె తీగ కూడా అమెరికా ప్రభుత్వం అక్కడి ఒక విశ్వవిద్యాలయానికిచ్చిన డబ్బులోంచి మన విశ్వవిద్యాలయం మీదుగా వచ్చేవని అప్పుడు మాకు తెలియదు. వారం చివర సారు చేతిలోంచి వచ్చేవి, అంతవరకే తెలుసు.

ఫారంలో మాకు పని చెప్పేది వాసవి, అక్కడ పరిశోధన చేస్తున్న అమ్మాయి. నాకంటే కొంచెం పెద్దది. ప్రొద్దుటూరులో కిరాణా అంగడి నడిపే శెట్టిగారి కూతురు. ఆ ఇంట్లో తక్కెడ పట్టనివాళ్లు లేరట, ఈమె మాత్రం గడ్డపార పట్టింది. జేజి ఆమెను శెట్టిపాప అనేది. మాబున్ని మేడమ్ అనేది, నేను అక్కా అన్నాను. జొన్న వేరు ఎంత లోతుకు పోతుంది, ఎప్పుడు పోతుంది అని కనుక్కోవడం ఆమె చదువు. దానికి ఆమె పద్ధతి ఏమిటంటే, మొక్కల వరస పక్కన గుంత తవ్వి, ఆ గుంత గోడను మందు కొట్టే పంపుతో మెల్లగా నీళ్లు చల్లి కడగాలి. మన్ను కరిగి జారిపోతే వేర్లు గోడకు అతుక్కుని బయటపడతాయి. కొన్ని రోజులు ఆగి ఇంకోచోట ఇంకో గుంత. కంకిలో పాలు పట్టి, గట్టిపడేదాకా ఇలా వెంట వెంట చూసుకుంటూ పోతే, పైన గింజ నిండుతున్నప్పుడు కింద వేరు ఏం చేస్తుందో తెలుస్తుంది. ఆమెకిచ్చిన డబ్బు ఆ ఒక్క పంటకే. ఆ పంటలో చూడలేకపోతే ఇంకో పంట లేదు.

మొదటి గుంత కడిగిన పొద్దు నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. పంపు నా వీపున ఉంది. నీళ్లు తగిలినకొద్దీ నల్లమన్ను బురదై కారింది, వెనకనుంచి తెల్లగా ఒక పోగు, దాని పక్కన ఇంకో పోగు, చూస్తుండగానే గోడంతా ముసలమ్మ జుట్టు విరబోసినట్టు అయింది. నేను పుట్టినప్పటినుంచి జొన్న కోస్తున్నాను, తూర్పారపడుతున్నాను, తింటున్నాను. మోకాలెత్తు మొక్క కింద మనిషి నడుము లోతున ఇంకో మొక్క తలకిందులుగా నిలబడి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చేతిలో పంపు ఆపేశాను. జేజి గుంత అంచున కూర్చుని, బుగ్గలోని వక్కాకు ఊసేసి, "మనకు దీని పైసగమే తెలుసు గదే," అంది. ఆమె వక్కాకును అలా నడిమధ్య ఊసేయడం అంతకు ముందు నేను చూడలేదు.

రెండో గుంత కూడా అయింది. వేర్లు ఇంకొంచెం దిగాయి. అప్పుడే కంకులు పాలు పోసుకోవడం మొదలుపెట్టాయి. ఒక ఉదయం మేము గేటు దగ్గరికి పోయేసరికి తాళం వేసి ఉంది. ఫారం సారు బయట జీపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. చేతిలో ఫ్యాక్స్ కాగితం, అప్పట్లో అది చుట్టలు చుట్టుకుపోయేది.

"పని ఆపమన్నారమ్మా. అమెరికాలో ప్రభుత్వం మూతపడింది. మళ్లీ చెప్పేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు."

"ప్రభుత్వాన్ని మూసినారా?" అంది మాబున్ని. "అంగడి మాదిరి?"

"ఒక రకంగా బంద్ అనుకోండి."

ఆ మాటతో మాకు అంతా అర్థమైపోయింది, అంటే తప్పుగా అర్థమైంది. బంద్ మాకు కొత్తా? కోడుమూరులో ఏ పార్టీ వాళ్లో జెండాలతో వస్తారు, అంగళ్లు మూయిస్తారు, బస్సులు ఆపుతారు, సాయంత్రానికి టీ అంగడి సగం తలుపు తీస్తుంది, మర్నాటికి అంతా మామూలే. అందుకని మేము హాయిగా ఇంటికొచ్చి, ఆ రోజంతా తలలు చూసుకుని, తెల్లారి మళ్లీ రొట్టెలు కట్టుకుని గేటు దగ్గరికి పోయాం. తాళం అలాగే ఉంది. ఆ మర్నాడూ అంతే. నాలుగు పొద్దులు అలా పోయి రొట్టెలు కంచె దగ్గరే తిని వచ్చాం. ఆ తర్వాత జేజి వాసవిని కూర్చోబెట్టి అడిగింది.

"ఎవరు జేసినారు శెట్టిపాపా ఆ బంద్? వాళ్ల జెండా ఏది?"

"ఎవరూ చేయలేదు జేజీ. వాళ్ల ప్రభుత్వం తనను తానే మూసుకునింది. ఏడాది ఖర్చుకు వాళ్ల పెద్దలంతా ఒప్పుకోవల్ల. రెండు పక్షాలోళ్లు కొట్లాడి ఒప్పుకోల్యా. ఒప్పుకునేదాకా దుడ్లు తీయగూడదు, పని చేయగూడదు. ఊరికే చేస్తామన్నా చేయగూడదంట."

"ఊరికే చేస్తే కూడా తప్పా?"

"తప్పే."

"ఇంట్లో పెద్దోళ్లు కొట్లాడుకోని పొయ్యి ముట్టించకుండా ముసుగుదన్ని పండుకున్నట్టుండాది," అంది జేజి. "మన పొయ్యి ఈడుంటే, నిప్పు ఆడ ఉండె. ఈ సంగతి మనకు ఇన్నాళ్లూ తెలీకపాయె."

వాసవి ఉండే గది కూడా ఆ డబ్బుతో నడిచేదే కాబట్టి దానికీ తాళం పడింది. ప్రొద్దుటూరుకు పోతే మళ్లీ పంపిస్తారో లేదో అని ఆమెకు అనుమానం. వాళ్ల నాయన అప్పటికే ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు, మన్ను తవ్వింది చాలు వచ్చేయమని. జేజి ఆ అమ్మాయి పెట్టెను నెత్తిన పెట్టుకుని మా ఇంటికి తెచ్చేసింది. అదే రోజుల్లో సుగ్గి మేస్త్రీ లారీతో వచ్చాడు. ఫారంలో పని లేదు కాబట్టి ఊళ్లో సగం మంది ఎక్కేశారు, మా ఆయన కూడా. నేను నెల తప్పి ఉన్నానని నన్ను ఎక్కించలేదు. జేజిని వయసు చూసి మేస్త్రీ వద్దన్నాడు, ఆ మాటకు ఆమె తిట్టిన తిట్లు ఆ లారీ మలుపు తిరిగేదాకా వినిపించాయి. అలా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లం, పక్కింట్లో మాబున్ని మిగిలాం.

వాసవి మా ఇంట్లో ఉన్న ఆ వారాలు నా కాపురంలోకెల్లా మంచి వారాలని ఇప్పుడు అనిపిస్తుంది. శెట్టి ఇంటి పిల్ల ఏం తింటుందో అని జేజికి దిగులు. ఆ పిల్ల మాత్రం పుండికూర పప్పు, మిరపకారం, జొన్నరొట్టె మాకంటే ఎక్కువ తినేది. రొట్టె తట్టడం నేర్చుకుంటానని కూర్చుంది. ఆమె తట్టింది చూసి మాబున్ని, "మేడమ్, ఇది రొట్టె కాదు, రాయలసీమ పటం," అంది. ఆ పటాన్నే నవ్వుకుంటూ నలుగురం పంచుకుని తిన్నాం. జేజి పాతర తీసిన రోజు దీపం దించడం చూసి వాసవి నోరు తెరుచుకుని నిలబడింది. ఇంత పద్ధతి ఎవరు నేర్పారని అడిగితే, జేజికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. ఒకరి పనిని ఒకరు వింతగా చూసుకుంటూ మేము ఆ రోజుల్ని గడిపాం. కానీ ప్రతి పొద్దూ రొట్టె తిన్న వెంటనే వాసవి ఎవరితోనూ మాట్లాడకుండా కంచె దగ్గరికి పోయేది. తీగను పట్టుకుని లోపలికి చూసేది. పైన గింజలో పాలు చిక్కబడుతున్నాయి. కింద వేర్లు ఏం చేస్తున్నాయో ఆమెకు తెలియకుండానే రోజులు పోతున్నాయి.

ఆ పైన పిట్టలు వచ్చాయి. చలికాలం గోరింకలు ఎక్కడినుంచో మబ్బులా వస్తాయి. ఆకాశంలో ఎవరో నల్లని దుప్పటిని దులిపినట్టు గుంపంతా ఒక్కసారి మడతపడి, విప్పుకుని, చేను మీద వాలుతుంది. చూస్తే ఒళ్లు జలదరించే అందం. ఆ అందం ఒక పూట వాలి లేచిందంటే కంకికి బెండు మిగులుతుంది. కంకి లేకపోతే ఆ మొక్క వేరు గింజ కోసం ఎంత కష్టపడిందో చెప్పడానికి ఆధారమే ఉండదని వాసవి చెప్పింది. జేజి వక్కాకు నోట్లో పెట్టుకోకుండా చెంగు బిగించి సారు ఇంటికి నడిచింది. వెనక మేము ముగ్గురం.

"సారూ, బంద్ అంటే మాకు తెల్దా? కోడుమూర్లో బంద్ జేసినప్పుడు అంగళ్లు మూస్తారు, బస్సులు నిలుపుతారు. పాలబండిని నిలుపుతారా?"

"నిలపరు జేజీ."

"యాలంటే?"

"పాలు ఆగితే విరిగిపోతాయి కదా. పసిపిల్లలుంటారు."

"మన జొన్న ఇప్పుడు యాడుండాది? పాలు పోసుకోనుండాది. పాలకంకి సారూ అది! ఆ అమెరికావోళ్లకు పాలబండిని ఇడిసేది తెల్దా?"

సారు ముందు నవ్వాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. మాబున్ని కూడా నవ్వింది. వాసవి మాత్రం నవ్వలేదు. "సార్, ఆ కాగితం ఇంకొకసారి చూడండి," అంది. సారు చుట్టలు విప్పి చదివాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు.

"ప్రాణంతో ఉన్నవాటిని బతికించే పని మాత్రం ఆపనక్కర్లేదని ఒక మాట ఉంది. కానీ అది ప్రయోగశాలల్లో పెంచే ఎలుకల గురించి రాసింది జేజీ, జొన్న గురించి కాదు."

"ఎలకల్ని సాకుతారా? మా ఊర్లో మందు పెట్టి సంపుతాము గదప్పా! ఎలకకు ఉండే ప్రాణం జొన్నకు లేదా?"

సారు కాగితాన్ని మళ్లీ చుట్ట చుట్టాడు. ఆయన ఉద్యోగం కూడా ఆ కాగితానికి కట్టుబడిందే. చివరికి అన్నాడు: "కంచె లోపలికి ఎవరూ కాలు పెట్టకూడదు, కొలవకూడదు, తవ్వకూడదు. అది మాత్రం నేను మార్చలేను. కానీ కంచె బయటి గట్టు నాది కాదు, ఊరిది. అక్కడ నిలబడి మీరు అరుచుకుంటే నేను వద్దనలేను."

"వడిసెలతో ఇసిరిన గడ్డ లోపల పడితే?" అంది మాబున్ని.

"మట్టిగడ్డ ఎవరి దగ్గరా జీతం తీసుకోదు కదమ్మా."

ఆ మర్నాటినుంచి మేము గట్టు మీదే బతికాం. పొద్దు పొడవకముందే పోయేవాళ్లం. జేజి వడిసెల తిప్పితే ఆ వయసులో కూడా గాలి కోసుకుపోయేది. నల్లరేగడి గడ్డ చేను నడిమికి పోయి పైన పగిలేది, ఆ పొడికి గుంపు లేచేది. వాసవి విసిరింది ఎప్పుడూ వెనక్కు పడేది. అందుకని ఆమెకు డబ్బా ఇచ్చి వాయించమన్నాం. నేను కడుపుతో ఉన్నానని నన్ను గొంతుకు మాత్రమే పెట్టారు. నాలుగు మూలలా నలుగురం. ఎవరూ మాకు చెయ్యమని చెప్పలేదు, చెయ్యొద్దని ఒక దేశమే చెప్పింది. అయినా ఆ పని మాకు ఇష్టంగా ఉండేది. పిట్టలు లేనప్పుడు చేను వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. వాన లేదు, నీరు పెట్టేవాళ్లు లేరు, నేల నోళ్లు తెరిచి పగుళ్లిచ్చింది. చాలా వరసలు కింది ఆకులనుంచి ఎండుతూ పైకి వచ్చాయి. ఒక్క వరస మాత్రం పచ్చగా నిలబడింది. చుట్టూ అంతా గడ్డిరంగుకు తిరిగిపోతుంటే అది ఒక్కటి అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు ఉంది.

దాన్ని చూసేకొద్దీ వాసవికి నిలకడ పోయింది. ఒక ఉదయం డబ్బా కింద పెట్టి, తీగ మీద కాలు వేసింది. "దాని కింద ఇప్పుడేమో జరుగుతాండాది జేజీ. ఈ వారమే జరుగుతాండాది. ఒక్క గుంత. ఎవురు సూస్తారు?"

జేజి వడిసెల ఆపి దగ్గరికి వచ్చింది. "మూసిన దినాల్లో కొలిసింది లెక్కకు రాదని సారు చెప్పల్యా? ముందు రెండు గుంతలు గూడా చెల్లకుండా పోతాయంట గదా. దిగు."

"ఇప్పుడు సూడకపోతే ఇంకెప్పుడూ సూడలేను."

"తెలుసు. దిగు తల్లీ."

వాసవి దిగింది. గట్టు మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకుంది. పిట్టలు వాలాయి, మేము చూసుకోలేదు. మాబున్నే గట్టు చుట్టూ పరుగెత్తి నాలుగు మూలలా తనే అరిచి వాటిని లేపింది, ఆ మోతకు మేమూ తలెత్తాం.

ప్రభుత్వం తెరుచుకునేసరికి పాలు గట్టిపడి గింజ అయిపోయింది. ఎర్రటి ఎండలో సారు జీపు దిగి గేటు తాళం తీశాడు. ఎవరు గెలిచారని జేజి అడిగితే ఆయనకూ తెలియదట. వాసవి ఏమీ వినలేదు, గడ్డపార పట్టుకుని ఆ పచ్చని వరస దగ్గరికి పరుగెత్తింది. నేల రాయిలా ఉంది. ఊళ్లో బలమున్న వాళ్లంతా సుగ్గిలో ఉన్నారు. జేజి, మాబున్ని, వాసవి, సారు, చివరికి జీపు డ్రైవరు కూడా వంతులు వేసుకుని తవ్వారు. నేను అంచున కూర్చుని నీళ్లు అందించాను. గింజ పండాక సన్నని వేర్లు చచ్చిపోతాయని, ఇప్పుడు తవ్వినా ఏమీ మిగిలి ఉండకపోవచ్చని వాసవి తవ్వుతూనే తనలో తాను చెప్పుకుంటోంది.

గుంత కడిగారు. నడుము లోతు దగ్గర వేర్లు ఉన్నాయి. ఇంకా తవ్వారు. భుజం లోతు దగ్గరా ఉన్నాయి. వాసవి గుంతలో నిలబడితే తల కనిపించనంత అయ్యాక కూడా, నేల పగులు గోడ వెంట, తెల్లని పోగులు ఆమె పాదాల కిందికి పోతూనే ఉన్నాయి. పైన పొడిపొడిగా చేతికంటుకునే మన్ను, అక్కడ చల్లగా ఉంది. ఇంకా తవ్వితే గోడ కూలుతుందని సారు ఆపేశాడు. జేజి గుంత అంచున బోర్లా పడుకుని చెయ్యి చాపింది. వాసవి కిందినుంచి ఒక వేరు కొస తుంచి అందించింది. అది ఇంకా తడిగా ఉంది. జేజి దాన్ని రెండు కళ్లకూ అద్దుకుంది. సారు చెప్పులు విప్పి నిలబడ్డాడు, ఎందుకు విప్పాడో ఆయనకే తెలియదు అనుకుంటాను.

"ఎప్పుడు దిగినాయి జేజీ ఇవి ఇంత కిందికి?" అంది వాసవి లోపలినుంచి. ఆమె గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"మనం పిట్టల్ని తోల్తాండంగా," అంది జేజి.

వాసవి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. "అట్ల రాస్తే ఒప్పుకోరు జేజీ. దినం చెప్పవల్ల. కంకి యాడుంటే వేరు యాడుండాదో చెప్పవల్ల. దిగినాయని చెప్పగలను. ఎప్పుడు దిగినాయో చెప్పలేను."

ఆ ఎప్పుడు అనేదే ఆమె చదువు. అది పోయింది. పట్టా వచ్చింది కానీ, ఆమె రాయాలనుకున్న పుస్తకం రాయలేదు. ఇంకో పంటకు డబ్బు అడిగితే అక్కడ కొత్త పెద్దలు వచ్చి వేరే పనులు ఎంచుకున్నారట. ఆమె కడప వైపు ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయింది. జేజి ఆ తర్వాత ఎక్కువ ఏళ్లు బతకలేదు. ఫారం ఉన్న చోట ఇప్పుడు ఎండను పట్టే అద్దాల పలకలు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. ఊళ్లో జొన్న వేసేవాళ్లు తగ్గారు, పాతర ఎలా ఉంటుందో మా మనవరాలికి తెలియదు. చేనుకొక బోరు ఉంది. మా అల్లుడు వేయించిన బోరు నేలను చీల్చుకుంటూ ఎంత లోతుకు పోయిందో చెబితే రెండుసార్లు అడిగి విన్నాను. పైకి వచ్చింది మాత్రం తెల్లని రాతిపొడి. ఆ పొడి ఇంటి మీద, బట్టల మీద, రొట్టెల మీద పడింది. ఆ యంత్రం మోతలో నిలబడి, ఏ మోతా లేకుండా మనిషి లోతున తడిని వెతుక్కున్న ఆ సన్నని పోగుల గురించి తలుచుకున్నాను. అప్పుడు మేము అంతా ముందుచూపుతో బతికామనీ ఇప్పుడు చెడిపోయామనీ అనను. అప్పుడు ఆకలి ఎక్కువ, మా ఆయన లాంటి వాళ్లు ఏడాదిలో సగం లారీల మీద బతికారు. ఇప్పుడు నా మనవరాలు బస్సెక్కి చదువుకు పోతుంది, నేను ఇలా రాస్తున్నాను. కానీ నేల ముందు అలా చెప్పులు విప్పి నిలబడిన మనిషిని మళ్లీ నేను చూడలేదు.

ఆ వార్త చదివిన సాయంత్రం వాసవికి ఫోన్ చేశాను.

"అక్కా, మళ్లీ మూసినారంట, సూసినావా?"

"సూడకేమి. నా దగ్గర చదివిన పిల్ల ఒకతి ఆడ గోధుమల మీద పని చేస్తాండాది. ఆపమన్నారంట. పొద్దున ఫోన్లో ఒకటే ఏడుపు."

"ఏం చెప్పినావు?"

"ఏం చెప్తాను? పిట్టలొస్తాయా అని అడిగినా. గాజింట్లో పెంచే పైరుకు పిట్టలేంది మేడమ్ అనింది."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. నవ్వు ఆగాక నాకు అడగాలనిపించింది.

"ఆ వేర్లు ఎప్పుడు దిగినాయో, ఆ పైన ఎవరన్నా కనుక్కున్నారా అక్కా?"

"లేదు ఉరుకుందీ. ఆ రకం విత్తనమే ఇప్పుడు యాడుండాదో తెల్దు."

ఫోన్ పెట్టేశాక ఇంటి ముందు కూర్చున్నాను. లెక్కకు రాని ఆ వారాల్లో ఏదో ఒక రోజు, బహుశా మాబున్ని గట్టు చుట్టూ పరుగెత్తిన ఆ ఉదయమే కావచ్చు, అంత పెద్ద దేశం తలుపులు మూసుకుని ఉండగా, మా పాదాలకు కొంచెం అవతల, నల్లమన్నులో ఒక పోగు కొస పొడి దాటి తడిని తాకింది. అప్పుడు మేము నలుగురం అక్కడే ఉన్నాం. అందరం ఆకాశం వైపు చూస్తున్నాం.